కాలం పెంచగానే స్వరాలు ముద్దయిపోతున్నాయి, వయొలిన్ వాళ్లు కాస్త చెప్పండి

కమానుకష్టం (జూన్ 3, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు రాజమండ్రిలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఇంటర్‌కి రాగానే పెట్టె అటకెక్కింది. ఇప్పుడు నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్ల క్రితం మళ్లీ దించాను. వారానికి ఒక ఆన్‌లైన్ క్లాసు, రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక అరగంట, నలభై నిమిషాల సాధన.

అలంకారాలు (మొదట్లో నేర్పే స్వరాల వరసలు) మూడు కాలాల్లోనూ (అంటే తాళం దెబ్బకి ఒకటి, రెండు, నాలుగు స్వరాల చొప్పున) వాయించగలనని అనుకుంటూ వచ్చాను. నిజానికి మూడో కాలం వచ్చేసరికి అది వాయించడం కాదు, బ్రేకుల్లేని సైకిల్ మీద వంతెన దిగడం. మోహన రాగంలో వర్ణం (సాధనకి పనికొచ్చే పెద్ద రచన) మొదటి కాలం మా గురువుగారు కూడా మెచ్చుకున్నారు. రెండో కాలంలో ఎత్తుగడ స్వరాల (వర్ణం రెండో సగంలో వచ్చే స్వరాల వరసల) దగ్గరికి వచ్చేసరికి, ముఖ్యంగా గ నుంచి ప కి ఎక్కి పై స అందుకునే చోట, ఏదో ముద్దముద్దగా వినిపిస్తుంది. ఏ స్వరం తప్పిందో కూడా పట్టుకోలేకపోతున్నాను.

మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని తాళం చెప్పే యంత్రం) 40లో, అంటే నిమిషానికి 40 దెబ్బల్లో పెట్టి అలంకారాలు మొదలుపెట్టాను. రెండు రోజులకి 5 చొప్పున పెంచుకుంటూ 60 దాకా వచ్చాను. మూడు వారాలుగా 60 దగ్గరే ఆగిపోయాను. 60 అంటే మూడో కాలంలో సెకనుకి నాలుగు స్వరాలు, అంతకన్నా ఏమీ లేదు. పదేళ్ల పిల్లలు నవ్వుతూ వాయిస్తున్నారు. వయసు వల్లనా? వేళ్లు బిగుసుకుపోయాయా? ఎవరికైనా ఇలా అయిందా?

కీబోర్డు_కిట్టు (జూన్ 3, రాత్రి 11:48)

అన్నా, వయసు గియసు ఏం లేదు. నేను వాయించేది కీబోర్డే కానీ ఇదే గోడ నాకూ తగిలింది. 5 చొప్పున పెంచడం మరీ ఎక్కువ. 40 నుంచి 45 అంటే ఎనిమిదో వంతు పెరిగినట్టు. 2 చొప్పున పెంచండి. ఒకే వేగంలో వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే పైకి వెళ్లాలి. తప్పు పడితే 4 కిందికి దిగాలి. ఎక్కుతూ దిగుతూ ఉంటే గోడ దానంతటదే కరుగుతుంది.

తకధిమి (జూన్ 4, ఉదయం 6:05)

నేను మృదంగం. తెనాలి. వయొలిన్ గురించి చెప్పే అర్హత నాకు లేదు, తాళం గురించి ఉంది.

మెట్రోనోమ్ ఆపేయండి. ముందు వయొలిన్ పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ ఆ ఎత్తుగడ స్వరాలను రెండో కాలంలో నోటితో చెప్పండి. పాడక్కర్లేదు, స్వరాల పేర్లు చెబితే చాలు. తడబడకుండా రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు) చెప్పగలిగితే నా మాట వెనక్కి తీసుకుంటాను. మాకు మొదటి రోజు నుంచీ ఇదే నేర్పారు. ఏ జతి (మృదంగం మీద వాయించే "తకధిమి" లాంటి పలుకులు) అయినా ముందు నోట్లో పడాలి, ఆ తర్వాతే చేతికి. నోట్లో నలగనిది చర్మం మీద నలగదు. మీకైతే తీగ మీద.

కమానుకష్టం (జూన్ 4, రాత్రి 10:30)

తకధిమి గారూ, పొద్దున ఆఫీసు బస్సులో మీరు చెప్పింది చేసి చూశాను (పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు). రెండో ఆవర్తంలోనే నాలుక మడత పడింది. "దపగప" అనాల్సిన చోట "దపపగ" అంటున్నాను. ఇన్నాళ్లూ వేళ్లనే తిట్టుకున్నాను.

తకధిమి (జూన్ 4, రాత్రి 10:41)

ఊఁ. బస్సే మంచి సాధన గది. అద్దెలేదు.

సన్నజాజి (జూన్ 5, మధ్యాహ్నం 3:15)

బాబూ, నేను విజయనగరంలో వయొలిన్ నేర్చుకుని పాతికేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఏమీ వినకుండా, చూడకుండా మందు రాయకూడదు. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, దాచకుండా చెప్పు.

ఎక్కడ కూర్చుని వాయిస్తున్నావు? నేల మీదా, మంచం మీదా?

రెండో కాలంలో ఒక్కో స్వరానికి ఒక్కో కమానా (కమాను అంటే తీగల మీద లాగే విల్లు, ఒక కమాను అంటే దాన్ని ఒక వైపుకి ఒకసారి లాగడం), రెండు స్వరాలకు ఒకటా, నాలుగు స్వరాలకు ఒకటా?

వేగంగా వాయించేటప్పుడు కమానులో ఎంత భాగం వాడుతున్నావు?

ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంలో పెట్టుకుని ఎప్పుడైనా విన్నావా? శ్రుతి మారకుండా వేగం మాత్రం తగ్గించే సదుపాయం ఇప్పుడు చాలా యాప్‌లలో ఉంది.

డల్లాస్_బాబాయి (జూన్ 5, రాత్రి 8:50)

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి 11 ఏళ్లు, వయొలిన్ నేర్చుకుంటోంది. వచ్చే ఏడాది క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం పోటీలకు పంపాలని ఇంట్లో ఒకటే హడావిడి. స్పీడు, స్పీడు అని వెంటపడుతున్నాం. మాండొలిన్ శ్రీనివాస్ గారు అంత చిన్న వయసులో అంత వేగంగా ఎలా వాయించారండీ? ఆయన ఊరు పాలకొల్లు నీళ్లలో ఏమైనా ఉందా? మాదీ భీమవరం పక్కనే, మాకేం రాలేదు.

పనసవీణ (జూన్ 5, రాత్రి 9:35)

బాబాయి గారూ, నీళ్ల సంగతేమో గానీ వాద్యం సంగతి చెబుతాను. ఆయన పుట్టింది 1969లో, పోయింది 2014లో, 45 ఏళ్లకే. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. దాని మీద గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) సరిగా పలకదు కాబట్టి, జతలు తీసేసి అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయించారు. వేగం కోసం కాదు, గమకం కోసం. అందరికీ గుర్తుండేది వేగమే, అది వేరే విషయం. ఆయన ఆలాపన ఒకసారి కళ్లు మూసుకుని వినండి, ఎంత నిదానంగా నడిపేవారో తెలుస్తుంది.

నాది వీణ, ఊరు బొబ్బిలి వైపు. మూలపోస్టుకి ఒక మాట. వీణ మీద కాలం పెరిగేకొద్దీ ప్రతి స్వరానికీ మీటు వెయ్యం. మొదటి కాలంలో నాలుగు మీట్లున్న చోట రెండో కాలంలో రెండే పడొచ్చు, మిగతాది ఎడమచెయ్యి చూసుకుంటుంది. గమకం కూడా అంతే. మొదటి కాలంలో రి మీద, ద మీద తీరిగ్గా ఊపే ఊపుని రెండో కాలంలో కూడా ఊపుదామంటే చోటెక్కడుంది? కొన్ని స్వరాలు చదునుగా వెళ్లిపోవాలి, కొన్ని ఒక్క విదిలింపుతో సరిపెట్టుకోవాలి. మొదటి కాలాన్నే ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పెట్టినట్టు వాయిస్తే ఎవరికైనా ముద్దే వస్తుంది. ఏ స్వరం మీద ఎంత గమకం ఉంచాలో ముందే తేల్చుకుని కాగితం మీద గుర్తులు పెట్టుకోండి.

నిర్వాహకుడు (జూన్ 6, ఉదయం 9:00)

"7 రోజుల్లో మెరుపు వేళ్లు" అనే కోర్సు ప్రకటన తీసేశాను. వేసిన సభ్యుడిని కూడా. కొనసాగించండి.

కమానుకష్టం (జూన్ 7, రాత్రి 11:55)

సన్నజాజి మేడం, మీ ప్రశ్నలకు జవాబులు, సిగ్గుపడుతూనే.

మంచం మీద. కింద కూర్చుంటే చప్పుడుకి పిల్లలు లేస్తారని.

కమాను... నిజం చెప్పాలంటే ఎటు వస్తే అటు. ఒకసారి రెండు స్వరాలకి, ఒకసారి మూడు స్వరాలకి తిరుగుతోంది. మీరు అడిగేదాకా నేను గమనించనే లేదు. వేగం పెరిగినప్పుడు దాదాపు కమానంతా వాడేస్తున్నాను.

రికార్డు మాత్రం నిన్న చేశాను. సగం వేగంలో విన్నాను. మేడం, అక్కడ నాకు ఒక దొంగ దొరికాడు. గ వాయించి ప కి వెళ్లే ప్రతిసారీ రెంటి మధ్యలో ఒక చిన్న స వినిపిస్తోంది. "గప గప" అని నేననుకుంటుంటే అక్కడ మోగుతున్నది "గసప గసప". ఆ స నేను వాయించడం లేదు! ఎక్కడి నుంచి వస్తోంది?

సన్నజాజి (జూన్ 8, మధ్యాహ్నం 2:40)

దొరికాడు కదా, ఇక భయం లేదు. ముద్దగా ఉందన్నావు చూడు, దాని అసలు పేరు ఇది.

తెలియని వాళ్ల కోసం కాస్త విడమరిచి చెబుతాను. మన వయొలిన్ నాలుగు తీగలనూ మంద్ర స, మంద్ర ప, మధ్య స, మధ్య ప గా శ్రుతి చేస్తాం (మంద్ర అంటే కింది స్థాయి, మధ్య అంటే నడిమి స్థాయి). మధ్య స తీగ మీద వేలు పెట్టకపోతే స, మొదటి వేలు రి, రెండో వేలు గ. ఆ తర్వాత ప కి వేలక్కర్లేదు, కమాను పక్క తీగ మీదికి వెళితే చాలు. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటంటే, ప రాబోతోందని తెలియగానే గ మీది వేలు ఎత్తేస్తున్నావు. కమాను ఇంకా స తీగ మీదే ఉంది. వేలు లేచిన తీగ ఊరుకోదు కదా, స అని మోగుతుంది. నిదానంగా వాయించేటప్పుడు వేలూ కమానూ ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి కాబట్టి తెలియదు. వేగంలో వేలు తొందరపడుతుంది, కమాను వెనకబడుతుంది. పైగా మోహనంలో స ఉంది. రాగంలోని స్వరమే కాబట్టి చెవి కూడా "ఏదో మోగింది, మనవాడే" అని వదిలేస్తుంది.

వేళ్లు నిదానం అనుకున్నావు. నీ వేళ్లు అవసరానికి మించిన తొందరలో ఉన్నాయి. నిదానమైంది కుడిచెయ్యి.

ముందుగా మంచం దిగు. పరుపు మీద కూర్చుంటే కుడికాలు కుదురుగా ఉండదు. వాద్యం తల ఆనాల్సింది ఆ పాదం మీదే. అది కదిలితే వాద్యాన్ని పట్టుకునే పని ఎడమచేతి బొటనవేలి మీద పడుతుంది, బొటనవేలు బిగిస్తే మిగతా నాలుగూ బిగుస్తాయి. కింద చాప వేసుకో. పిల్లలు లేస్తారంటే మ్యూట్ (వయొలిన్ చప్పుడు తగ్గించే చిన్న బిళ్ల) పెట్టుకో, రబ్బరుది చవగ్గానే దొరుకుతుంది.

గ మీద రెండో వేలు పెట్టి, స తీగనూ ప తీగనూ కలిపి ఒకేసారి మోగించు. గ, ప రెండూ జంటగా వినిపించాలి. ఆ రెండూ కలిసి మోగే వాలు ఒకటుంటుంది. కమాను అక్కడి నుంచి వెంట్రుకవాసి ఇటు వంగితే గ, అటు వంగితే ప. ఇన్నాళ్లూ నువ్వు ఒక తీగ నుంచి ఇంకో తీగకి ఊరు మారుతున్నంత దూరం ప్రయాణం చేసి ఉంటావు. మా పిల్లలందరూ చేస్తారు. అంత దూరం అక్కర్లేదని చెయ్యి ఒకసారి తెలుసుకుంటే చాలు.

తర్వాత "గప గప గప గప". వేలు ఎత్తకు. గ మీద మేకు కొట్టినట్టు ఉండాలి. కదిలేది కమాను ఒక్కటే. రోజూ రెండు నిమిషాలు, అంతకన్నా వద్దు. దిగేటప్పుడు "సదప" దగ్గర కూడా ఇదే నీతి. పై స మీద మూడో వేలు ఉన్నప్పుడే ద మీద మొదటి వేలు కూర్చుని సిద్ధంగా ఉండాలి. మూడో వేలు లేస్తే చాలు, ద దానంతటదే పలుకుతుంది. రెండు పనులుండే చోట ఒక పని మిగులుతుంది. నలుగురూ వేగం అనేది చాలావరకు ఈ మిగులే.

ఇక కమాను. కిట్టు బాబు నిదానంగా మొదలుపెట్టి పెంచమన్నాడు, తప్పేమీ కాదు. కానీ వయొలిన్‌లో ఒక చిక్కుంది. నిదానంగా వాయించేటప్పుడు బారెడు కమాను లాగుతాం. వేగంలో కమాను మధ్యభాగంలో నాలుగు వేళ్ల వెడల్పు చాలు. బారెడు కమానుతో నెలల తరబడి నిదానంగా సాధన చేసినా, వేగంలో అక్కరకొచ్చేది వేరే కదలిక. అందుకని నిదానంగా వాయించేటప్పుడు కూడా వేగంలో వాడబోయే ఆ నాలుగు వేళ్ల కమానుతోనే వాయించు. నాదం సన్నగా వస్తుంది, రానీ. నిండైన నాదం కోసం మొదటి కాలం వేరుగా వాయించుకో, అది వేరే సాధన. మా ఊళ్లో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టినప్పటి నుంచీ వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను పేరు చెప్పుకోని రోజు లేదు. ఆయన రికార్డింగులు విను. ఎంత వేగంలో ఉన్నా ఒక్కో స్వరం విడివిడిగా, గుండ్రంగా ఎలా నిలబడుతుందో చూడు.

నాలుగు స్వరాలకు ఒక కమానో, రెండింటికి ఒకటో ఏదో ఒకటి మీ గురువుగారిని అడిగి ఖాయం చేసుకో. అచ్చు పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకో. రోజుకొక రకంగా వాయిస్తే చెయ్యి రోజూ కొత్త పాఠం నేర్చుకుంటున్నట్టే.

కీబోర్డు_కిట్టు (జూన్ 8, సాయంత్రం 6:10)

ఆంటీ, దండం. కీబోర్డు మీద తీగలూ కమానూ లేవు కాబట్టి ఈ గొడవ నాకు తెలియదు. కానీ మాకూ ఒకటుంది. బొటనవేలు చెయ్యి కింద నుంచి దూరే చోట అందరికీ తడబాటే.

అన్నకి ఇంకో చిట్కా. మొత్తం ఆవర్తం వేగంగా వాయించాలని చూడొద్దు. నాలుగు స్వరాలే తీసుకుని, చేరాలనుకున్న వేగంలోనే వాయించి, అయిదో స్వరం మీద ఆగిపోండి. ఊపిరి పీల్చుకోండి. మళ్లీ నాలుగు. అవి కుదిరాక ఎనిమిది. నిదానంగా నడిచి నడిచి పరుగు నేర్చుకోలేం. పరుగెత్తాలి, కాకపోతే నాలుగడుగులే.

తకధిమి (జూన్ 8, రాత్రి 9:25)

కిట్టు చెప్పిన ఈ రెండోది బాగుంది. మొదటిది, ఆ 2 చొప్పున ఎక్కడం, నాకు నచ్చలేదు. మనిషి సంగీతం వదిలేసి స్పీడోమీటర్ చూస్తూ కూర్చుంటాడు.

కీబోర్డు_కిట్టు (జూన్ 8, రాత్రి 9:40)

మెట్రోనోమ్ లేకపోతే తాళం పరుగెత్తుతోందని ఎలా తెలుస్తుంది సార్? అందరికీ పక్కన మృదంగం ఉండదు కదా.

తకధిమి (జూన్ 8, రాత్రి 10:02)

ప్రతి దెబ్బకీ టిక్కుమని చెబుతుంటే మీ లోపల తాళం పుట్టదు, దాని భుజం మీద చెయ్యేసి నడుస్తుంటారు. సరే, వాడండి. కాకపోతే వేగం 60 అయితే మెట్రోనోమ్ 30లో పెట్టుకోండి, రెండు దెబ్బలకొక టిక్కు. అది కుదిరాక 15, నాలుగింటికి ఒకటి. అంత కిందికి దిగే యాప్ ఉంటే ఆవర్తానికి ఒకే టిక్కు పెట్టి, ఎనిమిది దెబ్బల తర్వాత సమానికి (ఆవర్తం మొదటి దెబ్బకి) మీరూ అదీ కలుస్తారేమో చూసుకోండి. కలవకపోతే మీ వేగం ఇంకా వేగం కాదు, కంగారు.

ఇంకోటి. ఆ "గపదస" లాంటి నాలుగేసి స్వరాల వరసను "తకధిమి తకధిమి" నడకలో కుదిరాక, అవే స్వరాలు అదే వేగంలో "తకిట తకిట" అని మూడేసి స్వరాలకొక ఊనిక ఇస్తూ వాయించండి. ఊనిక స్వరం మారిపోతూ ఉంటుంది, ఒకసారి గ మీద, ఒకసారి స మీద. ఏ వేలు బలహీనమో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

పనసవీణ (జూన్ 8, రాత్రి 10:30)

ఇద్దరూ ఒకటే చెబుతున్నారు, ఒప్పుకోరు.

మణికట్టు (జూన్ 9, రాత్రి 7:20)

నేను ఫిజియోథెరపిస్టుని, సరదాకి ఫ్లూట్. మూలపోస్టులో "వేళ్లు బిగుసుకుపోయాయా" అన్న మాట చూసి రాస్తున్నాను. 36 ఏళ్లకి వేళ్లకేమీ కాదు. కానీ వేగం రావడం లేదని బిగబట్టి గంటలు గంటలు వాయించి, ముంజేయి నొప్పితో మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. కంప్యూటర్ కీబోర్డు మీద రోజంతా పనిచేసి రాత్రి వయొలిన్ పట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్త. నొప్పి మొదలైతే "ఇంకొక్కసారి" అనొద్దు, ఆపేయండి. తిమ్మిరి ఉంటే డాక్టర్‌కి చూపించండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకొకసారి లేచి చేతులు దులుపుకోండి. దవడ బిగుస్తోందేమో చూసుకోండి, దవడ బిగిస్తే భుజం బిగుస్తుంది.

ఇంకొకటి. ఎన్నిసార్లు వాయించాలి, ఎంతసేపు వాయించాలి అని అందరూ అడుగుతారు. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. 17 మంది పియానో విద్యార్థులకు ఒకే కష్టమైన ముక్క ఇచ్చి, వాళ్లకి చాలనిపించేదాకా సాధన చేసుకోమని, మర్నాడు వాయించమన్నారు. ఎంతసేపు చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ మర్నాడు ఎలా వాయించారు అన్నదానికీ సంబంధం కనబడలేదు. బాగా వాయించినవాళ్లు కూడా మొదట్లో తప్పులు చేశారు. కాకపోతే తప్పు ఎక్కడ పుడుతోందో పట్టుకుని, అక్కడే ఆగి, నెమ్మది చేసి, సరయ్యేదాకా వదల్లేదు. మిగతావాళ్లు తప్పుని దాటుకుని ముందుకెళ్లిపోయారు. మన కమానుకష్టం గారు ఆ దొంగ స ని పట్టుకున్నది అచ్చం అదే పని.

డల్లాస్_బాబాయి (జూన్ 10, ఉదయం 8:15)

ఇదంతా చదివి మా ఇంట్లో ఒక ప్రయోగం చేశానండీ. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తెచ్చిన చింతపిక్కలు అయిదు తీసుకుని అమ్మాయి ఎడమవైపు పెట్టాను. ఒక వరస తప్పు లేకుండా వాయిస్తే ఒక పిక్క కుడివైపుకి. తప్పు పడితే అన్నీ మళ్లీ ఎడమవైపుకి. అయిదూ కుడివైపుకి చేరితే ఆ పూట సాధన అయిపోయినట్టే, ఇంక అడగను.

మొదటి రోజు ఏడిచింది. రెండో రోజు నాలుగో పిక్క దగ్గర చెయ్యి వణికింది, అయిదోది రాలేదు. మూడో రోజు పది నిమిషాల్లో ముగించి ఐప్యాడ్ పట్టుకుంది. ఇదివరకు ఆదివారం కూర్చోబెట్టి రెండు గంటలు రుద్దేవాళ్లం. తర్వాత తెలిసిందేమిటంటే, నేను వంటింట్లో ఉన్నప్పుడు వేగం బాగా తగ్గించి వాయించి పిక్కలు జరుపుతోంది! అడిగితే "మీరు తప్పు లేకుండా అన్నారు, స్పీడు సంగతి చెప్పలేదు" అంది.

సన్నజాజి (జూన్ 10, మధ్యాహ్నం 1:30)

బాబాయి గారూ, తిట్టకండి. తప్పు పడని వేగం ఏదో ఆ పిల్ల తనే వెతుక్కుంది. ఆ పిక్కలాట అలాగే సాగనివ్వండి. పోటీ మాట మాత్రం ఒక నెల ఎత్తకండి.

కమానుకష్టం (జూలై 12, రాత్రి 11:05)

అయిదు వారాలయింది. అప్పు తీర్చుకోవాలి కదా, అందుకే వచ్చాను.

మంచం దిగాను. చాప, రబ్బరు మ్యూట్. కమాను ఖాయం చేసుకున్నాను. మా గురువుగారు ఎత్తుగడ స్వరాలకు రెండో కాలంలో నాలుగు స్వరాలకొక కమాను అన్నారు, రెండు చోట్ల మాత్రం విడిగా. పుస్తకమంతా పెన్సిల్ గీతలే. "ఇన్నాళ్లూ అడగలేదేం?" అన్నారు. ఏం చెప్పను?

"గపగప" మొదటి వారం నరకం. వేలు ఎత్తకూడదని తెలిసీ ఎత్తేస్తోంది. దాని అలవాటు దానిది. రెండు తీగలూ కలిపి మోగించే వాలు పట్టుకున్న రోజు నుంచి దారి పడింది. మూడో వారంలో రికార్డు చేసి సగం వేగంలో వింటే పది "గప"లలో ఏడింటికి దొంగ లేడు. ఇప్పుడు దాదాపు లేడు. బాగా అలిసిపోయిన రోజు మాత్రం వచ్చి పలకరించిపోతాడు.

తకధిమి గారూ, బస్సులో ఎత్తుగడ స్వరాలన్నీ రెండో కాలంలో చెప్పేస్తున్నాను. పక్క సీటాయన ఒకరోజు "ఏం రాగమండీ?" అని అడిగాడు. ఆయన తమ్ముడు ఘటం వాయిస్తాడట.

పనసవీణ గారు చెప్పిన గమకాల లెక్క కూడా చేశాను. రెండు చోట్ల ద మీద ఊపు తీసేశాను. అక్కడ తీగ తేలిగ్గా సాగిపోతోంది.

అలంకారాలు 60 దగ్గర ఆగిపోయాననుకున్నాను కదా, 72 దగ్గరున్నాను. 76లో పై స్థాయికి చెయ్యి జరిపేటప్పుడు ఇంకా తడబాటే. మూడో కాలంలో వర్ణం ఇప్పుడే అడగొద్దు. కాకపోతే ఇప్పుడు తప్పు పడితే ఎక్కడ పడిందో వినిపిస్తోంది. మునుపు అది కూడా లేదు.

కీబోర్డు_కిట్టు (జూలై 12, రాత్రి 11:20)

72! అన్నా, 2 చొప్పునేనా?

కమానుకష్టం (జూలై 12, రాత్రి 11:24)

2 చొప్పునే. తకధిమి గారికి చెప్పకు.

తకధిమి (జూలై 13, ఉదయం 6:00)

చూశాను.

సన్నజాజి (జూలై 13, మధ్యాహ్నం 2:10)

చాలా సంతోషం బాబూ. ఇప్పుడు ఒక పరీక్ష పెడతాను. మోహనం కాసేపు పక్కన పెట్టి, మీ గురువుగారిని అడిగి అభోగి వర్ణం మొదలుపెట్టు. ఎందుకంటే అభోగిలో ప లేదు, ని లేదు. స రి గ మ ద స. మ నుంచి నేరుగా ద కి వెళ్లాలి. మ అంటే మధ్య స తీగ మీద మూడో వేలు, ద అంటే పక్కనున్న ప తీగ మీద మొదటి వేలు. కమాను ముందు చేరి వేలు వెనకబడిందా, ఖాళీ ప తీగ మోగుతుంది. దిగేటప్పుడు ద మీది వేలు ముందే లేచినా మోగేది ప యే. మోహనంలో ఆ దొంగ స రాగం లోపలివాడు, కాబట్టి నెలల తరబడి దాక్కున్నాడు. అభోగిలో ప పరాయివాడు. ఒక్కసారి మోగినా పక్కింటివాళ్లకి కూడా తెలిసిపోతుంది. సగం వేగం, రికార్డింగు ఏమీ అక్కర్లేదు.

వర్ణానికి ముందు "గమదమ", "మదసద" ఈ రెండు ముక్కలే నాలుగు వేళ్ల కమానుతో వాయించు. ఎన్ని ప లు మోగాయో లెక్కపెట్టి ఇక్కడ రాయి.

కమానుకష్టం (జూలై 13, రాత్రి 11:40)

ఇరవైసార్లు వాయించాను మేడం. పద్నాలుగు ప లు. మా ఆవిడ పక్క గదిలోంచి "అదేంటి, మధ్యలో ఏదో గీరుకుంటోంది" అని కేకేసింది. రేపు చింతపిక్కలు తెచ్చుకుంటాను.